ఉద్దానంలో అంగడి కథ

ఒక ఊరికి క్రొత్తగా పచారీ కొట్టు వస్తున్నదని తెలిసినప్పుడు జనులలో కలిగే ఉత్సాహం అల్పవిషయంగా కనుపించవచ్చును. పట్టాభిషేకాలూ, దండయాత్రలూ, సంధులూ నింపుకొన్న మన చరిత్ర గ్రంథాలలో ఉప్పు, పప్పు, చింతపండు అమ్మే అంగడికి చోటు దొరకడం అరుదు. అయినా సామాన్య గృహస్థుని దృష్టిలో ఇది చిన్న సంగతి కాదు. గుమ్మానికి మామిడాకులు కట్టి, గుమ్మడికాయ కొట్టి, షావుకారు మొదటి బోణీ చేసే దినానికి ముందే ఊరిలో ప్రశ్నలు బయలుదేరుతాయి. తూకం సరిగా ఉంటుందా? ధర పొరుగు కొట్టులో కంటె తక్కువా? అరువు ఇస్తారా? ఈ మూడు ప్రశ్నలూ క్రొత్తవి కావు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస మొదలుకొని ఉద్దానపు సముద్రతీరం వరకు గల ప్రాంతంలో నూరు సంవత్సరాలకు పైబడి జనులు ఈ ప్రశ్నలనే అడుగుతూ వచ్చారు. వాటికి సమాధానాలు ఎప్పుడెప్పుడు, ఏ రూపంలో లభించాయో పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఆ సీమను గూర్చి నాలుగు మాటలు చెప్పుకోవలసి ఉన్నది. ఉద్దానమంటే ఉద్యానమే. పలాసకు తూర్పుగా వజ్రపుకొత్తూరు నుండి మందస, సోంపేట, కంచిలి, కవిటి మీదుగా ఇచ్ఛాపురం దిక్కుగా సాగిన తీరభూమి అది. ఇసుక పాలు ఎక్కువైన ఆ నేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు దట్టంగా పెరిగాయి. బాటసారికి అది చల్లని నీడ, కన్నుల పండువు. కాని ఆ నీడలో నివసించే సంసారికి ఒక చిక్కు ఉన్నది. వరి పండించే రైతు ధాన్యాన్ని గాదెలో పోసుకొని, ఉప్పుకూ, కిరసనాయిలుకూ మాత్రమే అంగడికి వెళ్ళి ఏడాది గడుపుకోగలడు. తోట రైతు జీడిపిక్కలు వండుకొని తినలేడు. కొబ్బరికాయలు అమ్మి బియ్యం కొనుక్కోవలె. అందుచేత పల్లపు సీమలో కంటె ఉద్దానంలో అంగడి అవసరం మొదటినుండీ అధికం. అక్కడ ఇంటి గాదె కొంత కొట్టులోనే ఉండేదని చెప్పవచ్చును.

తొలిరోజులలో అంగడి అంటే సంతయే. వారానికి ఒకసారి చెట్ల క్రింద వెలసి, ప్రొద్దు వాలేసరికి అంతర్ధానమయ్యే అంగడి అది. కొండల నుండి సవరలు చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు తెచ్చేవారు. తీరం నుండి ఎండుచేపలు, కొబ్బరికాయలు వచ్చేవి. మైదానం నుండి బియ్యం, చోళ్ళు వచ్చేవి. నౌపడ కొఠారుల నుండి ఉప్పు వచ్చేది. ఉప్పుతోనే మన కథలో ప్రభుత్వం ప్రవేశిస్తుంది. మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ 1805లో ఉప్పు వర్తకాన్ని తన గుత్తాధిపత్యం క్రిందకు తెచ్చుకొన్నది. సముద్రం ప్రక్కనే నివసించే బెస్తవాడు సైతం పన్ను చెల్లించిన ఉప్పునే కొనవలసి వచ్చింది. 1930లో గాంధీజీ ఉప్పును చేతిలోకి తీసుకొన్నప్పుడు ఆ చర్య అర్థం తీరవాసులకు ఎవరూ విప్పి చెప్పనక్కరలేకపోయింది. ఆ పన్ను 1947లో గాని తొలగిపోలేదు.

సంతలో ధర నలుగురి ఎదుట తేలేది. కాని కొలత మాట అటువంటిది కాదు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండడ్డలు ఒక కుంచం అని బాలురు ఎక్కాలతోపాటు వల్లించేవారు. లెక్క ఒకటే అయినా కుంచాలు ఒకటి కావు. ఒక ఊరి కుంచం మరొక ఊరి కుంచానికి సరిపోయేది కాదు. దాని మీద గోపురంగా పోసి కొలిస్తే ఒక పరిమాణం, అంచుతో సమానంగా కొట్టి కొలిస్తే మరొక పరిమాణం. కొనేటప్పుడు గోపురం, అమ్మేటప్పుడు అంచు అనే వర్తకుడు ఎక్కడనో ఒకచోట ఉండనే ఉండేవాడు. కొనుగోలుదారుకు మిగిలిన ఊరట కొసరు ఒక్కటే. చివర చేతితో వేసే ఆ పిడికెడు గింజలు దాతృత్వానికి గుర్తో, తరుగుకు ప్రాయశ్చిత్తమో చెప్పడం కష్టం.

రైలు వచ్చిన తరువాత ఈ స్థితి మారింది. బెజవాడనూ కటకాన్నీ కలిపే ఈస్టుకోస్టు రైలుమార్గం 1893కూ 1896కూ నడుమ అంచెలంచెలుగా తెరువబడినది. 1900లో నౌపడ నుండి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి సన్నపట్టాల చిన్నరైలు నడిచింది. 1931లో అది గుణుపురం వరకు సాగింది. ఉప్పు బస్తాలు కొండల వైపు ఎక్కడం, అడవి సరుకు తీరం వైపు దిగడం ఈ చిన్నరైలుతో సులభమైనది. అంతవరకు బారువ, కళింగపట్నం రేవుల ఓడలను నమ్ముకొన్న వర్తకం స్టేషనుల వైపు తిరిగింది. పలాస స్టేషను చెంత కాశీబుగ్గ బజారు పెరగడానికి మూలం ఇదే. సంతకు వారం రోజులు వేచి ఉండవలసిన సరుకు ఇప్పుడు నిత్యం దొరకసాగింది. స్థిరమైన గోడలూ, తలుపులూ, తాళమూ గల కొట్టు పల్లెలకు కూడా వచ్చింది.

తలుపులతోపాటు పద్దుల పుస్తకం కూడా వచ్చింది. సంతలో కొన్నవాడు ఆ సాయంకాలానికి ఋణవిముక్తుడు. కొట్టులో కొన్నవాడు ఖాతాదారు అయినాడు. జీడిపిక్కలు రాలేది ఫాల్గుణం నుండి వైశాఖం వరకు. ఆ మూడు నెలల రాబడి మీద పన్నెండు నెలలు గడవాలి. ఆషాఢ, శ్రావణాలలో ముసురు పట్టి కూలి దొరకని దినాలలో బియ్యం అరువు ఇచ్చి ఇంటిలో పొయ్యి వెలిగించినవాడు షావుకారే. ఈ మాట న్యాయంగా ఒప్పుకోవలసి ఉన్నది. అయితే అరువిచ్చినవాడే ధర చెప్పినాడు, అరువిచ్చినవాడే తూచినాడు. అప్పు క్రింద జీడితోట ఫలసాయాన్ని పూతలోనే రాయించుకొన్నవాడు కూడా అతడే. కొనే సరుకుకు ఎక్కువ ధర, అమ్మే పంటకు తక్కువ ధర. రెండు ధరలూ ఒక్క చేతనే నిర్ణయమైనవి. బాకీ ఉన్నవాడు మరొక కొట్టు గుమ్మం ఎక్కలేడు. ఇదీ ఉద్దానంలో క్రొత్త అంగడి కోసం జనులు ఎదురుచూడడంలోని మర్మం. రెండవ కొట్టు తెరిస్తే ఊరికి క్రొత్త సరుకులు వస్తాయన్న మురిపెం కొంత ఉండవచ్చును. అంతకు మించినది, ఒక్కరి దయ మీద ఆధారపడనక్కరలేదన్న ధైర్యం.

ఇటువంటి స్థితి మన దేశానికే పరిమితం కాదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో నేతపనివారు మొదలైన 28 మంది తలకొక పౌను కూడబెట్టి, 1844 డిసెంబరు 21వ తేదీ సాయంకాలం ఒక చిన్న అంగడి తెరిచారు. అందులో సరుకు స్వల్పం: పిండి, ఓటు ధాన్యపు పిండి, వెన్న, పంచదార. వీధిలో చూచినవారు నవ్విపోయారు. కాని ఆ అంగడికి కొన్ని నియమాలు ఉండెను. కల్తీలేని సరుకు, నిండు తూకం, బజారు ధర, రొక్కపు బేరం. మిగిలిన లాభం ఎవరెంత కొన్నారో అంత నిష్పత్తిలో వారికే పంచడం. ఆ నియమాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. మన దేశంలో 1904లో మద్రాసు తిరువళ్లిక్కేణిలో స్థాపించబడిన సహకార భండారం ఆ బాటలోనిదే. దాని స్థాపకులలో వి. ఎస్. శ్రీనివాసశాస్త్రిగారు ఒకరు.

అయితే రాచ్‌డేల్ నియమాలలో ఒకటి ఉద్దానపు ఇసుకలో వేళ్ళూనడం దుర్ఘటం. అది రొక్కపు బేరం. వారం వారం జీతం పుచ్చుకొనే కార్మికునికి రొక్కం చెల్లించడం అసాధ్యం కాదు. ఏడాదికి ఒక కారు రాబడి గల తోటవానికి, రాబడే లేని కూలివానికి శ్రావణమాసంలో రొక్కం ఎక్కడిది? అరువు ఇవ్వని అంగడి ఎంత ధర్మమైనదైనా వారికి ఉపయోగపడదు. అరువు ఇచ్చే అంగడి ధర్మంగా ఉండడం కష్టం. ఈ ముడి విడిపోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఇంతలో యుద్ధం వచ్చిపడినది. ఈ తీరం నుండి తరతరాలుగా కూలిజనం బర్మాకు వలసవెళ్ళేవారు. రంగూనును వారు రంగం అనేవారు. రంగం నుండి వచ్చే మనియార్డరు ఎన్నో పల్లె కొట్లలో బాకీలు తీర్చేది. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమైనది. డబ్బు ఆగిపోయింది. బర్మా బియ్యం ఆగిపోయింది. అడవులూ కొండలూ కాలినడకను దాటి వేలాది తెలుగువారు ఉత్త చేతులతో తిరిగివచ్చారు. ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు పడినవి. మరుసటి సంవత్సరం వంగదేశం క్షామంతో దహించుకుపోయింది. ఆ పరిస్థితులలో ఆహారధాన్యాల మీద నియంత్రణ, రేషను పద్ధతి అమలులోకి వచ్చాయి. ప్రభుత్వం నిర్ణయించిన ధరకు, ప్రభుత్వం నిర్ణయించిన కొలతలో బియ్యం ఇచ్చే డిపో అన్న మాట అప్పటినుండే మన ఇండ్లలో వినిపించసాగింది. డిపో ఎప్పుడు తెరుస్తారా అని సంచి చేతబట్టుకొని వరుసలో నిలుచుండడం ఒక తరానికి నిత్యకృత్యమైనది.

నియంత్రణ కాలంలో వినియోగదారుల సహకార భండారాలు అనేకం పుట్టాయి. 1952లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గం మద్రాసు రాష్ట్రంలో ఆహార నియంత్రణను ఎత్తివేసింది. సరుకు బజారులో స్వేచ్ఛగా దొరకగానే భండారాలలో పెక్కు మూతపడినవి. కొరత కాలంలో కూపనుతో వచ్చిన జనాన్ని తమవారని భ్రమపడిన సంఘాలు నిలువలేకపోయినవి. సభ్యులు తమ సొమ్ము అని భావించి లెక్కలు చూచుకొన్న చోట కొన్ని నిలిచాయి. 1962లో చైనా దురాక్రమణ తరువాత ధరలు పెరిగినప్పుడు కేంద్రప్రభుత్వం ఈ భండారాలకు మరల ఊపిరి పోసింది. 1966లో ఢిల్లీ నగరంలో సూపర్ బజారు వెలసింది. అంగడి పెట్టడం కంటె దానిని కనిపెట్టి ఉండడం కష్టమని ఈ అనుభవం నేర్పింది.

మైదానంలో కథ ఇట్లుండగా కొండల మీద అది మరింత కఠోరంగా నడిచింది. అక్కడ ఉప్పుకు, పొగాకుకు, గుడ్డకు బదులుగా చింతపండు, పసుపు చేతులు మారేవి. వ్రాతరాని గిరిజనునికి పద్దులో ఏమున్నదో తెలియదు. ఈ దోపిడిని అరికట్టడానికి 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్టణం కేంద్రంగా ఏర్పడింది. అడవి సరుకును నిర్ణీత ధరకు కొనడం, నిత్యావసర వస్తువులను తన డిపోల ద్వారా అమ్మడం దాని పనులు. ఒకే గుమ్మంలో రెండు ధరలూ బహిరంగం కావడం కొండజనానికి అపూర్వం. కాని డిపోలు అన్ని గూడేలనూ చేరలేదు, అప్పులు చెరగలేదు. 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడి వద్ద జరిగిన కాల్పులలో ఇద్దరు గిరిజనులు మరణించారు. తరువాతి సంవత్సరాలలో ఉద్దానం వరకు ప్రాకిన ఆ రైతాంగ పోరాటపు చరిత్ర వేరొక ప్రసంగానికి తగిన విషయం. దాని వెనుక భూమి, వెట్టి, అటవీహక్కులతోపాటు షావుకారు పద్దుపుస్తకం కూడా ఉన్నదన్న సంగతి మాత్రం ఇక్కడ జ్ఞాపకం చేసుకోవలె.

మనం మొదట చెప్పుకొన్న మూడు ప్రశ్నలలో తూకానికి ముందుగా సమాధానం దొరికింది. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుండి నయాపైసలు చెలామణి అయినవి. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాములు అంచెలంచెలుగా ప్రవేశించి, 1962 నాటికి తూకాలలో దేశమంతటా తప్పనిసరి అయినవి. వీశెలు, శేర్లు, కుంచాలు, తవ్వలు మెల్లగా మరుగుపడినవి. వృద్ధులు చాలాకాలం పాటు కిలోను వీశెలలోనికి మార్చి లెక్క చూచుకొన్నారు. ఆ తికమకలో కొంత మోసం కూడా జరగకపోలేదు. అయినా ఇచ్ఛాపురంలోని కిలో, టెక్కలిలోని కిలో ఒకటే అయినవి. ముద్ర వేసిన తూనికరాయి ప్రభుత్వానిది. షావుకారు చేతిలోనుండి కొలత జారిపోయిన మొదటి సందర్భం ఇదే.

రెండవది ధర. 1955 నిత్యావసర వస్తువుల చట్టమూ, 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థా దీనికి పునాదులు. కాని పల్లెలలో ప్రతి గుడిసెకూ అది తెలిసివచ్చినది 1983లో, కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చే పథకం ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైనప్పుడు. శ్రావణమాసపు అరువులో బియ్యానిదే పెద్దపాలు కాబట్టి, బియ్యం చౌక కాగానే ఖాతా బరువు తగ్గింది. ప్యాకెట్టు సరుకులకు సంబంధించిన 1977 నిబంధనలు పొట్లాం మీద నికర తూకమూ, ధరా అచ్చువేయవలెనని శాసించాయి. చదువు వచ్చిన కుమార్తె తల్లికి ధర చదివి చెప్పే రోజు వచ్చింది.

మూడవది అరువు. ఇది అన్నిటికంటె ఆలస్యంగా కదిలింది. 1990ల నుండి ఆంధ్రదేశంలో స్త్రీల పొదుపు సంఘాలు ఊరూరా విస్తరించాయి. నెలకు కొద్దిపాటి సొమ్ము కూడబెట్టి, దాని మీద బ్యాంకు ఋణం తెచ్చుకొనే ఈ పద్ధతి వల్ల అప్పు ఇచ్చే చోటు వేరు, సరుకు కొనే చోటు వేరు అయినవి. రాచ్‌డేల్ నేతగాండ్ర రొక్కపు నియమం ఉద్దానపు స్త్రీకి అందుబాటులోకి వచ్చిన మార్గం ఇది.

పలాస తానే ప్రపంచపు అంగళ్ళను నింపే పట్టణం. బ్రెజిలు దేశపు చెట్టును పోర్చుగీసువారు పదునారవ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఈనాడు ఆ జీడిమామిడియే పలాస-కాశీబుగ్గల ప్రధాన పరిశ్రమకు మూలం. పిక్క పెంకులోని తైలం చర్మాన్ని పొక్కిస్తుంది. ఆ పిక్కలను పగులగొట్టి, పొర తీసి, పప్పును దిగుబద్ద కాకుండా ఏరే పనిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. 320 అనే రకం అంటే పౌనుకు 300 నుండి 320 గుండు పప్పులు తూగేది. దూరదేశపు కొనుగోలుదారు కోసం ఇంత నిక్కచ్చిగా లెక్క పెట్టే చేతులకు తమ ఇంటి బియ్యం సంచి సరిగా తూగవలెనని కోరే హక్కు ఉండదా?

ఆ తోటల మీద 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను విరుచుకుపడింది. తరాలుగా పెంచిన కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకొరిగినవి. కొబ్బరి మరల కాపుకు రావడానికి ఏండ్లు పడుతుంది. అన్నాళ్ళు తోటవాని ఇంట అన్నం దేనిమీద నడవాలి? పాత అరువు ఖాతా ప్రశ్న మళ్ళీ తలుపు తట్టింది. ఆ నేపథ్యంలో 2019 సెప్టెంబరు 6వ తేదీన పలాసలో ఇంటింటికి నాణ్యమైన బియ్యం చేరవేసే పథకాన్ని ప్రయోగాత్మకంగా శ్రీకాకుళం జిల్లాలో ఆరంభించారు. 2021లో అది తొమ్మిదివేలకు పైబడిన వాహనాలతో రాష్ట్రమంతటికీ విస్తరించింది. అంగడియే చక్రాలు తొడుక్కొని వీధి మలుపుకు వచ్చినట్లయినది. వాహనం ఏ వేళకు వస్తుందో తెలియక కూలిపని మానుకొని వేచి ఉండవలసి వస్తున్నదన్న ఫిర్యాదులూ వినవచ్చాయి. 2025 జూన్ 1 నుండి ఆ వాహనాల పద్ధతి రద్దయి, చౌకధరల దుకాణాలు తిరిగి తెరుచుకొన్నవి. వృద్ధులకు, వికలాంగులకు మాత్రం ఇంటివద్ద అందించే ఏర్పాటు చేశారు. ఆ విధంగా ఒక పాత అంగడి తెరవడం కోసం ఊరు క్రొత్తగా ఎదురుచూచింది.

ఈనాడు మన పట్టణాలలో కొనేవారే అలమరల నడుమ తిరిగి సరుకు ఏరుకొనే పెద్ద అంగళ్ళు వస్తున్నాయి. దీపాలు వెలుగుతాయి, తూకం యంత్రం చెబుతుంది, ధర పొట్లం మీదనే ఉంటుంది. సంతోషించదగిన సంగతే. కాని చిల్లర కొట్టు షావుకారు ఖాతాలో ముసలమ్మ పేరు ఉండేది; ఆమె వారం రోజులు రాకపోతే అతడు కబురు చేసేవాడు. అతని లోభాన్ని ఎంచినవారు ఈ గుణాన్ని కూడా ఎంచవలె. మరొక సంగతి ఉన్నది. మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్న ఉద్దానంలో త్రాగునీరు కూడా డబ్బాలలో కొనుక్కొనే సరుకు అయినది. వంశధార జలాన్ని ఈ గ్రామాలకు తెచ్చే పథకాన్నీ, పలాసలో ప్రత్యేక వైద్యశాలనూ 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభించారు. ఏది అంగట్లో అమ్మదగినది, ఏది కుళాయి త్రిప్పగానే రావలసినది అన్న విచక్షణ కూడా అంగడి చరిత్రలో భాగమే.

క్రొత్త కొట్టు తెరిచిన దినాన ఊరంతా గుమిగూడడం వేడుక. ఆ వేడుకలో మనం కూడా పాల్గొందాం. పంచదార చేతిలో పెడితే పుచ్చుకొందాం. పిమ్మట త్రాసు ముల్లు వైపు ఒకసారి చూద్దాం. తూకానికి ప్రభుత్వముద్ర ఉన్నదా, ధర అందరికీ ఒకటేనా, అరువు పుచ్చుకొన్నవానికి పొరుగు కొట్టుకు వెళ్ళే స్వేచ్ఛ ఉన్నదా అని విచారిద్దాం. ఉద్దానపు పెద్దలు అంగడి తలుపు తెరువగానే అడిగిన ప్రశ్నలు ఇవే. వాటిని అడిగే అలవాటు పోనంతవరకు ఆ ఊరికి ఎన్ని అంగళ్ళు వచ్చినా మేలే జరుగుతుంది.